రూపాయి వడ్డీకి పోయిన ఒక మార్కు

లెక్కల్లో నాకు ఒక మార్కు రావాలి. 1992 నుంచి బాకీ అది. ఇక రాదని తెలుసు, ఇవ్వాల్సిన సార్ లేరు, ఆ బడి ఉన్న చోట ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, కింద మెడికల్ షాపు ఉన్నాయి. అయినా రావాలి.

మాది చిక్కడపల్లి. గ్రంథాలయం దాటి నాలుగు గల్లీలు లోపలికి వెళ్తే ఒక పాత ఇంట్లో మా బడి, తెలుగు మీడియం, కింద ఐదో తరగతి వరకూ, మేడ మీద వేసిన రేకుల షెడ్డులో ఆరు, ఏడు, ఎనిమిది. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే మెదడు ఉడికేది. వానాకాలం ఇంకో తమాషా, జూన్‌లో వాన మొదలైతే చప్పుడుకి సార్ చెప్పేది ఒక్క ముక్క వినబడేది కాదు. సోషల్ టీచర్ అయితే పుస్తకం మూసేసి కూర్చునేవారు. లెక్కల సార్ మాత్రం ఆపేవారు కాదు. మాట్లాడకుండా బోర్డు మీద రాసుకుంటూ పోయేవారు, మేము చూసి అర్థం చేసుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు భిన్నాల భాగహారం అర్థమైంది అలాంటి ఒక వాన రోజునే.

ఆయన గవర్నమెంటు బడిలో రిటైరై మా దగ్గరికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎరుపు. 1948లో పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన పోయే నాటికి ఆయన ఉర్దూ మీడియంలో చదువుతున్న పిల్లాడట, తర్వాత చదువు భాష మారిపోయింది, కానీ ఎక్కాలు మాత్రం ఆయనకి చివరిదాకా ఉర్దూలోనే ఉండిపోయాయి. బోర్డు మీద పెద్ద గుణకారం చేస్తున్నప్పుడు పెదాలు కదిలేవి, చెవి పెట్టి వింటే ఉర్దూ. చేతిలో తెలుగు, నోట్లో ఉర్దూ. మాకు అది వింతగా కూడా అనిపించేది కాదు, చిక్కడపల్లిలో సగం మంది అంతే.

భిన్నాలు ఆయన మొదలుపెట్టింది పుస్తకంతో కాదు, చిల్లరతో. అణాలు 1957లో నయా పైసలు వచ్చినప్పుడే పోయాయి కదా, కానీ హైదరాబాద్ నోట్లోంచి పోలేదు. పావలాని చారాణా అనే అంటాం, అర్ధ రూపాయిని ఆఠాణా అంటాం. రూపాయికి పదహారు అణాలు, అందులో నాలుగు చారాణా, అంటే నాలుగో వంతు, ఎనిమిది ఆఠాణా, అంటే సగం, పన్నెండు బారాణా, అంటే ముప్పావు. "చారాణా కోడికి బారాణా మసాలా అంటరు కదరా, మరి కోడి కంటె మసాలా ఎన్ని రెట్లు?" అని అడిగితే క్లాసంతా మూడు అని అరిచింది. ముప్పావుని పావుతో భాగించామని మాకు తెలియనే తెలియదు. రేకుల మీద వాన పడ్డ రోజు బోర్డు మీద కోడి బొమ్మ వేసి దాని కింద ఆ భాగహారం రాశారు, అప్పుడు తెలిసింది.

ఇదంతా చదివి ఆయనేదో సరదా మనిషి అనుకోకండి. మార్కుల దగ్గర మహా పిసినారి.

ఏడో తరగతి మొదటి రోజు లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీ తీయమని రూల్స్ చెప్పి రాయించారు. కుడివైపు మడిచి రఫ్ వర్క్ చేయాలి. రబ్బరు వాడకూడదు, తప్పు చేస్తే ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఏముందో ఆయనకి కనబడాలి. సమానం గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉండాలి. ఈ సమానం గుర్తు మీద ఆయనకున్న పట్టింపు ఇంకెక్కడా చూడలేదు. మేమందరం ఐదు ప్లస్ మూడు సమానం ఎనిమిది ఇంటూ రెండు సమానం పదహారు అని ఒకే వరసలో లాగించేసేవాళ్ళం. జవాబు కరెక్టే కదా. ఆయన ఎర్ర పెన్నుతో మొదటి సమానం చుట్టూ సున్నా చుట్టి "ఐదూ మూడూ కలిస్తే పదహారా? ఏ ఊళ్ళో?" అని పక్కన రాసేవారు. ఆఠాణా కట్. అర మార్కుని ఆయన అర మార్కు అనలేదు ఎప్పుడూ, ఆఠాణా అనేవారు, పావు మార్కు చారాణా. పావు మార్కులు కూడా కోసే మనిషిని మీరెవరైనా చూశారా? యూనిట్ టెస్టు 25 మార్కులకి, నాకు ఒకసారి 17 బారాణా వచ్చింది. ప్రోగ్రెస్ కార్డులో వేసేటప్పుడు 18 చేశారు, కానీ చేసేముందు నా మొహంలోకి చూసి "చారాణా ఉద్దెర ఇస్తున్నా, గుర్తు పెట్టుకో" అన్నారు.

ఐదు మార్కుల లెక్కకి లెక్క ఇది: సూత్రం రాస్తే ఒకటి, అందులో విలువలు వేస్తే ఒకటి, చేసిన పనికి రెండు, జవాబు రాసి పక్కన రూపాయలో సెంటీమీటర్లో రాస్తే ఒకటి. ఒట్టి 360 అని రాస్తే "360 ఏంది? మేకలా?" అని ఉండేది. ఇది ఆయన మొదటి రోజే చెప్పారు, ఏడాదంతా మార్చలేదు. పేపర్ ఇచ్చాక మనకి ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించగలిగేవాళ్ళం. వెళ్ళి అడిగితే విసుక్కునేవారు కాదు. వాదించి గెలిస్తే మార్కు వేసేవారు, నేను రెండుసార్లు గెలిచాను.

ఒక్క పని మాత్రం ఇప్పటికీ నాకు నచ్చదు. పేపర్లు తక్కువ మార్కుల నుంచి ఎక్కువకి పేర్చి, ఆ వరసలో పేర్లు పిలిచి ఇచ్చేవారు. మొదటి పేరు ప్రతిసారీ ఒకడిదే. 25కి ఆరు, ఏడు. వాళ్ళ మామ చాయ్ బండి దగ్గర సాయంత్రాలు వాడే ఉండేవాడు, నాలుగు చాయ్‌లు, మూడు ఉస్మానియా బిస్కెట్లు, పది నోటిస్తే చిల్లర ఎంతో మనం గిన్నె కింద పెట్టేలోపు చెప్పేవాడు. బడిలో అదే లెక్క పేపర్ మీదకి వస్తే చేతులు కట్టేసినట్టు అయిపోయేవాడు. వాడు లేచి ముందుకి నడిచి పేపర్ తీసుకుని వెనక్కి వచ్చేదాకా క్లాసంతా వాడినే చూసేది. రెండో పేరు ఎవరిదో అన్న టెన్షన్‌లో నేనూ చూసేవాణ్ణి. అంత తెలివైన మనిషికి ఆ వరస తిరగెయ్యాలని ఎందుకు తోచలేదో. ఎనిమిది అయ్యాక వాడు బడి మానేశాడు.

ఇక నా ఒక్క మార్కు సంగతి.

మా నాన్న బేగంబజార్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. పొద్దున్నే సైకిల్ మీద వెళ్తే రాత్రి తొమ్మిదికి రావడం. దుకాణం చిట్టా, ఆవర్జా అన్నీ ఆయన చేతి రాతే, ఎర్ర బట్ట అట్టల పుస్తకాలు. చదివింది ఐదో తరగతి. బీజగణితం జోలికి పోయిన మనిషి కాదు, ఎక్స్ అంటే "అదేంది, కొట్టేసినావా?" అని అడిగేవాడు. కానీ లెక్క నోట్లోంచి వచ్చేది. ప్రోగ్రెస్ కార్డు తెస్తే తెలుగు, సైన్సు ఏవీ చూడడు, వేలు నేరుగా లెక్కల గడి మీదకి. "లెక్కల్ల ఎన్ని?" అంతే. ఎన్ని చెప్పినా తర్వాతి ప్రశ్న కూడా ఒకటే: "మిగిలినయ్ ఏడ పోయినయ్?"

ఏడో తరగతిలో బారువడ్డీ వచ్చింది. అసలు ఇంటూ కాలం ఇంటూ రేటు బై నూరు. రాత్రి నేను బట్టీ పడుతుంటే నాన్న అన్నం తింటూ విన్నాడు. లెక్క ఏంది చదువు అన్నాడు. అసలు 1,500 రూపాయలు, సంవత్సరానికి 12 శాతం వడ్డీ, రెండేళ్ళకి వడ్డీ ఎంత. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, "మూడొందల అరవై" అన్నాడు.

ఎలా అంటే ఆయన చెప్పింది ఇది. ఏడాదికి నూటికి పన్నెండంటే నెలకి నూటికి రూపాయి, అంటే రూపాయి వడ్డీ. పదిహేను వందలంటే పదిహేను నూర్లు, నెలకి పదిహేను రూపాయలు. రెండేళ్ళంటే ఇరవై నాలుగు నెలలు. పదిహేను ఇరవై నాల్గులు మూడొందల అరవై. అదే రెండు రూపాయల వడ్డీ అయితే ఇంతకి ఇంత. బజార్లో ఎవరైనా వడ్డీ అంటే నెలకే మాట్లాడతారు, మీ పుస్తకం వాడు ఏడాదికి ఎందుకు చెప్తుండో నాకు తెల్వదు అన్నాడు. నాకు కళ్ళు తెరుచుకున్నట్టయింది. శాతం అనేది అంతవరకు నాకు రెండు సున్నాల మధ్య గీత మాత్రమే, ఆ రాత్రి అది నెల నెలా దుకాణానికి వచ్చి అడిగే మనిషి అయింది.

యూనిట్ టెస్టులో అచ్చం అలాంటి లెక్కే. నేను నాన్న పద్ధతిలో చేశాను. ఊరికే జవాబు కాదు, నెలకి ఇంత, ఇన్ని నెలలకి ఇంత అని వరసగా, సమానాలు ఒకదాని కింద ఒకటి పెట్టి, చివర రూపాయలు అని కూడా రాశాను. రఫ్ వర్క్ కూడా చేశాను, అవసరం లేకపోయినా. ఐదుకి ఐదు ఖాయం అనుకున్నా.

నాలుగు.

వెళ్ళి అడిగాను. సార్ పేపర్ చూసి ముందు నన్ను అడిగింది మార్కు గురించి కాదు, ఇది ఎవరు నేర్పారని. చెప్పాను. ఏ దుకాణం అన్నారు. చెప్పాను. వెంటనే చాక్‌పీస్ నా చేతిలో పెట్టి బోర్డు దగ్గరికి పంపారు. నేను రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, రూపాయిన్నర వడ్డీ అన్నీ చెప్పాను, చెమటలు పోస్తుండగా. ఆయన వెనక బెంచీలో ఆ చాయ్ బండి వాడి పక్కన కూర్చుని విన్నారు. రూపాయిన్నర దగ్గర "డేఢ్ రూపాయ్ అంటే ఏడాదికి ఎంత శాతం?" అని అడిగితే నేను తేల్చేలోపు వాడే పద్దెనిమిది అన్నాడు. సార్ వాడి వీపు మీద చిన్నగా తట్టారు. ఏడాది మొత్తంలో వాడికి దొరికింది అదొక్కటే.

అంతా అయ్యాక నేను పేపర్ మళ్ళీ ముందు పెట్టాను. "సార్, మరి ఆ ఒక్క మార్కు?"

"సూత్రం రాసినవా?"

"అవసరం రాలేదు సార్."

"అవసరం రాలేదు, నిజమే. కానీ సూత్రానికి ఒకటి అని నేను జూన్‌లో చెప్పిన. ఇప్పుడు నీకు వేస్తే, సూత్రం రాసి గుణకారం తప్పిన వాళ్ళకి ఏం చెప్పాలె? ఇంకోటి, మార్చిలో కామన్ పరీక్ష పేపర్ దిద్దేది మీ నాయన కాదు బేటా."

అప్పట్లో ఏడో తరగతికి కూడా కామన్ పరీక్ష ఉండేది, హాల్‌టికెట్లు, వేరే బడిలో సెంటర్, పదో తరగతంత హడావిడి. ఆ భయం నిజమే. కానీ నేను వాదించాను, ఏడుపు గొంతుతో వాదించాను. ఆయన వేయలేదు. మూడో గెలుపు దక్కలేదు.

ఇంటికి వెళ్ళి నాన్నకి చెప్తే నవ్వుతాడో, సార్‌ని తిడతాడో అనుకున్నా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మొదలే చెప్పిండు కదా మరి" అన్నాడు. దుకాణం మనిషి, రేటు ముందే ఒప్పుకుంటే తర్వాత బేరం లేదు. ఇద్దరూ ఒక్కటైపోయారని నాకు మండింది. ఇప్పటికీ కొంచెం మండుతుంది. నా లెక్క ప్రకారం సూత్రం అంటే ఆ రూపాయి వడ్డీయే, వేరే బట్టల్లో. పన్నెండుని పన్నెండుతో భాగించి మళ్ళీ పన్నెండుతో హెచ్చించడమే కదా. ఆ మాట అప్పుడు నా నోటికి రాలేదు. వచ్చి ఉంటే మార్కు వచ్చేది. ఆయన న్యాయం తెలిసిన మనిషి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ. దీనికి ఆయన వేసిన ఎత్తు ఇంకా ఘోరం. యూనిట్ టెస్టులో తప్పు చేసిన లెక్కలు మళ్ళీ చేసి సోమవారానికి చూపించాలి, అవి బాకీ. ఏడో తరగతి దాకా బాకీకి వడ్డీ లేదు. ఎనిమిదిలో జూలై నుంచి, చూపించని వారానికి సగం చొప్పున పెరుగుతుందన్నారు. నాలుగు లెక్కలు బాకీ ఉంటే వారం దాటితే ఆరు. బారువడ్డీ అయితే రెండో వారానికి ఎనిమిది, మూడో వారానికి పది. "కానీ మనది చక్రవడ్డీ" అన్నారు నవ్వుతూ. ఆయన నవ్వడం తక్కువ కాబట్టి అందరికీ గుర్తుంది.

నాకు నాలుగు బాకీ పడింది దసరా ముందు. ఆ సోమవారం జ్వరమని వెళ్ళలేదు, జ్వరం కొంచెం ఉంది, కొంచెం లేదు. తర్వాత సెలవులు, బతుకమ్మకి అమ్మమ్మ వాళ్ళూరు జనగామ వైపు వెళ్ళిపోయాం, నోట్‌బుక్ ఇక్కడే. తిరిగొచ్చి క్లాసులో కూర్చుంటే సార్ చిన్న పుస్తకం తీశారు. మూడు వారాలు. నాలుగు, ఆరు, తొమ్మిది, పదమూడున్నర.

"సార్, సెలవుల్లో కూడా వడ్డీయా?"

"దుకాణానికి సెలవు ఉంటది. వడ్డీకి ఉండదు. మీ నాయనని అడుగు."

"మరి అర లెక్క ఎట్ల చెయ్యాలె సార్?"

క్లాసు గొల్లుమంది. సార్ మాత్రం సీరియస్‌గా ఆలోచించారు, నిజంగానే పైకి చూసి ఆలోచించారు. "సూత్రం రాయి, విలువలు వేయి. అక్కడ ఆపు. ఐదులో రెండు మార్కులైతది, ఇంకో ఆఠాణా మందం గుణకారం మొదలుపెట్టు."

పదమూడు లెక్కలు, ఒక అర లెక్క. రెండు రాత్రులు పట్టింది. బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా ఎంత అని నన్ను ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను, మూడున్నర లెక్కలు. తర్వాత ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకు అబ్బాయి ఏవో కాయితాలు చూపించి ఏదో చెప్తుంటే నాకు జనగామ బస్సే గుర్తొచ్చింది.

తొమ్మిదో తరగతికి వేరే బడికి మారాను. ఆయన్ని మళ్ళీ ఒక్కసారే చూశాను, కోఠిలో, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర. ఏదో లెక్కల పుస్తకం చేతిలో పట్టుకుని ధర అడుగుతున్నారు. నేను నమస్తే పెడితే పేరు గుర్తు రాలేదు, "రూపాయి వడ్డీ" అన్నాను, "అరే!" అన్నారు. మార్కు అడుగుదామా అని నోటి దాకా వచ్చింది. సిగ్గేసింది, ఊరుకున్నా. నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం అప్పుడు.

ఇప్పుడు మేం మియాపూర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఏడో తరగతి, సీబీఎస్ఈ. పోయిన వారం హాఫ్ ఇయర్లీ ఫలితాలు ఫోన్‌కి వచ్చాయి, లెక్కల్లో ఏ2. నేను బాగుంది అన్నాను, నా భార్య బాగుంది అంది. నాన్నకి డెబ్భై తొమ్మిది, ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, సోఫాలో పేపర్ పట్టుకుని ఉన్నాడు.

"లెక్కల్ల ఎన్ని బిడ్డా?"

"ఏ2 తాతా."

"అది గాదు, ఎన్ని?"

"ఎనభై ఒకటి నుంచి తొంభై మధ్య."

"మధ్యల అంటే ఏడ?"

అది నా వైపు చూసింది. నేను ఫోన్‌లో వెతికాను, ఆ యాప్‌లో గ్రేడ్ ఒక్కటే ఉంది, రంగు కూడా వేశారు. పక్కన మంచి ప్రయత్నం అని ఒక నక్షత్రం. మా అమ్మాయి బ్యాగులోంచి ఆన్సర్ షీట్ తీసింది, సంతకం కోసం ఇచ్చారట, 80 మార్కుల పేపర్, పైన 69 అని ఉంది.

"పదకొండు ఏడ పోయినయ్?" అన్నాడు నాన్న, 1992 గొంతుతోనే.

అది చెప్పలేకపోయింది. కొన్ని చోట్ల టిక్కు ఉంది, కొన్ని చోట్ల ఒట్టి అంకె, ఎందుకు పోయిందో రాసి లేదు. ఒకచోట సమానం గుర్తులన్నీ ఒకే వరసలో రైలు బోగీల్లా ఉన్నాయి, ఎవరూ సున్నా చుట్టలేదు, నా చెయ్యి దురద పెట్టింది కానీ ఏమీ అనలేదు. నాన్న కళ్ళజోడు తెమ్మన్నాడు, పెన్సిల్ తెమ్మన్నాడు. మొదటి పేజీ నుంచి మార్కులు కూడుకుంటూ వచ్చాడు, పెదాలు కదుపుతూ, ఆవర్జా కూడినట్టు. రెండోసారి కింద నుంచి పైకి కూడాడు. బేగంబజార్ అలవాటు అది, పై నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి.

"అరవై తొమ్మిదిన్నర ఉన్నయ్. నాల్గో పేజీల అర మార్కు కలపలే."

మా అమ్మాయి చూసింది. నిజమే. నేనూ చూశాను.

"అడగాలా నాన్నా? అడిగినా ఏ2యే కదా" అంది నాతో.

నేను జవాబు చెప్పేలోపే నాన్న పేపర్ దాని చేతిలో పెట్టేశాడు. "ఏ గ్రేడైతే నాకేంది. ఆఠాణా అది. రేపు పొయ్యి అడుగు."

పొద్దున బస్సెక్కేముందు అది ఆ పేజీకి గుర్తుగా కాగితం ముక్క పెట్టుకోవడం చూశాను. సాయంత్రం వచ్చాక అడిగితే "మేడమ్ సారీ చెప్పింది, వేసింది" అని చెప్పి ఫ్రిజ్ తెరిచింది. నాన్న సోఫాలోంచి నన్ను చూశాడు.

"మరి నీదో?" అన్నాడు.

ఆయనకి ఇంకా గుర్తుంది.